మూడిళ్ల అవతలి బ్యాటరీ

మనవరాలు పోయాక తెకేయాను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఊళ్లో వాళ్లంతా వచ్చారు. చాపలు తెచ్చారు, బియ్యం తెచ్చారు, సీసాల్లో కల్లు పాకం తెచ్చారు, రాత్రుళ్లు ఆమె పక్కనే పడుకున్నారు. ఊళ్లో మందులిచ్చే నర్సమ్మ కూడా పాడు నీళ్లు తాగి వచ్చిన విరేచనాలని, ఈసారి ఎండలు అలా ఉన్నాయని చెప్పి నెపం ఎండల మీదికి తోసేసింది. నీళ్ల పంపు ఎవరి చేతిలో ఉందో, దాని తాళంచెవి ఎవరి మెడలో వేలాడుతోందో తెలియనట్టే అందరూ మాట్లాడారు. ఎవరైనా ఒకరు ఎదురుగా నిలబడి నాలుగు తిట్లు తిట్టిపోతే బాగుండునని తెకేయా కనిపెట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు, ఆకలి వేయలేదు. ఆ తిట్లు పడితే తప్ప తన ఒంట్లో ఏదీ కదలదని ఆమెకు గట్టిగా అనిపించింది.

పంపు రాకముందు ఊరంతా బావినీళ్లే తాగేది. మా దీవిలో బావులకు పెద్ద లోతుండదు. నడుము లోతు తవ్వితే నీళ్లు, ఇంకో జానెడు తవ్వితే ఉప్పు. పందుల దొడ్లు, దుంపల గుంటలు, మనుషుల చాటుపనులు, అన్నీ ఆ నీటి చుట్టూనే. ప్రాజెక్టు వాళ్లు వచ్చి, ఊరికి దూరంగా కొబ్బరితోట నడుమ తియ్యటి నీళ్లున్న చోటు చూసి గొట్టాలు పాతారు. సోలార్ పలకలు, పంపు, ఎత్తు మీద ట్యాంకు, ఊళ్లో కుళాయిలు పెట్టారు. బ్యాటరీలు రెండిచ్చారు. ఒకటి పనిచేసేది, ఇంకొకటి అది చచ్చిపోతే పెట్టుకునేది. ఆ రెండోదాన్నీ, విడి కుళాయిలనూ, గొట్టం ముక్కలనూ, తాళ్లనూ ఒక చిన్న సిమెంటు గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవిని తెకేయా మెడలో వేసి ఫొటో తీసుకుని వెళ్లారు.

తెకేయానే ఎందుకు ఎంచుకున్నారంటే ఆమె విధవరాలు కనక. మొగుడున్న ఆడదైతే మొగుడి మాట విని సామాను పంచిపెట్టేస్తుందని ఆ ప్రాజెక్టు తెల్లదొర లెక్క వేశాడు. మొగుడు లేకపోయినా మరిది ఉంటాడని, మరిదికి పెళ్లాం ఉంటుందని, పెళ్లానికి పుట్టిల్లు ఉంటుందని ఆయన లెక్కలోకి రాలేదు. పాపం, దూరం నుంచి వచ్చినవాడు. ఆమె మొగుడు కమొరికి ఒక సాయంత్రం బయటి సముద్రంలోకి వెళ్లాడు. పడవ ఇంజను చెడిపోయింది, గాలి ఎటు ఈడ్చుకుపోయిందో ఈడ్చుకుపోయింది. అతని తమ్ముడు బకోవా తెడ్డు వేసి వేసి అరచేతులు పుళ్లు పడేదాకా వెతికాడు. దొరకలేదు. ఆనాటి నుంచి బకోవా ఏ చేపలు తెచ్చినా మొదటి చేప వదిన గుమ్మంలో పెట్టందే తన ఇంటికి పోలేదు. ఏళ్లు గడిచినా ఆ పని మానలేదు.

తాళంచెవి ఇచ్చే ముందు తెకేయాను రాజధాని తరావాకు ఓడలో పంపి ట్రైనింగు ఇప్పించారు. అక్కడ పంపు విప్పడం నేర్పారు, బిగించడం నేర్పారు. అవన్నీ ఆమెకు ఇట్టే వచ్చాయి. ఆఖరి రోజున 'ఇవ్వను' అనడం నేర్పారు. ఒకళ్లు చుట్టం వేషం వేసి అడగాలి, ఇంకొకళ్లు తాళం కాసే మనిషిలా ఇవ్వనని చెప్పాలి. ఒక్కొక్క దీవి నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పడిపడి నవ్వారు. తెకేయా వంతు వచ్చినప్పుడు "ఇవ్వను" అనే అంది. నాటకం కదా. నేర్పే ఆయన చప్పట్లు కొట్టాడు.

మాలో బుబుసి అని ఒకటుంది. ఎవరైనా నీ దగ్గరికి వచ్చి, నీ దగ్గరున్న ఫలానాది నాకు కావాలి, బుబుసి అన్నారంటే ఇక ఇచ్చేయడమే. లేదన్నామంటే ఆ సిగ్గు మనతో పోదు, మన పిల్లల్ని కూడా వేలెత్తి చూపిస్తారు. అందుకని అడిగేవాడు కూడా ఊరికే అడగడు, అడగడానికి ముందు నాలుగుసార్లు ఆలోచించుకుంటాడు. ఇలా బతకబట్టే ఇన్ని తరాలుగా ఈ ఇసుక మీద ఎవరూ ఆకలితో చావలేదు. దీన్ని మాన్పించాలని ఓడ దిగిన ప్రతివాడూ చూస్తాడు. మాన్పించి దాని బదులు ఏం పెడతాడో మాత్రం చెప్పడు.

మొదట తాడు పోయింది. తర్వాత పాస్టరుగారింటికి ఒక కుళాయి, స్కూలు వెనక తోటకు గొట్టం ముక్కలు పోయాయి. అవేవీ పెద్ద నష్టం కాదు. తర్వాత ఒక పొద్దున బకోవా వచ్చి గుమ్మం పక్కన చతికిలబడ్డాడు.

"వదినా, ఒకటి అడగాలి."

"అడుగు. ఇల్లొక్కటే మిగిలింది. అదీ కావాలంటే చాప చుట్టుకుని నేను పోతా."

"ఇల్లెందుకు, ఇంట్లో నువ్వుంటావుగా, ఆ గోల ఎవడు పడతాడు." నవ్వాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు. "ఆ గదిలో బ్యాటరీ. బుబుసి."

పడవలో దీపానికట. కిరసనాయిలు తెచ్చే ఓడ రాక ఎగిరే చేపల వేట ఆగిపోయిందట. దీపం ఉంటేనే అవి పడవ వైపు ఎగురుతాయి. తెకేయా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది? ఇన్నేళ్లలో బకోవా ఏదీ అడగలేదు. తాళం తీసింది, ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మోసుకుపోయారు. తెకేయా గుమ్మానికి మూడిళ్ల అవతల బకోవా ఇల్లు.

మరునాటి నుంచి గుమ్మంలో ఎగిరే చేపలు పడసాగాయి. తెకేయా కూతురు అకెనెతె, ఆమె బిడ్డ రాకెరా ఆ ఇంట్లోనే ఉండేవాళ్లు. అల్లుడు పరదేశపు సరుకు ఓడల్లో పని చేస్తాడు. రాకెరాకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. చేప రెక్కలు రెండు చేతులతో విప్పి పట్టుకుని ఇల్లంతా తిరిగేది. పిల్ల బొద్దుగా అయింది కూడా. బ్యాటరీ పోయిందన్న సంగతి తెకేయా దాదాపు మరిచేపోయింది.

ఆపైన వానలు మొహం చాటేశాయి. కొబ్బరాకులు పచ్చదనం పోగొట్టుకుని వేలాడసాగాయి. ఎండలు ముదిరిన రోజుల్లోనే పంపు కింద ఉన్న బ్యాటరీ చచ్చిపోయింది. తెకేయా దాన్ని విప్పి చూసింది, నీళ్లు పోసి చూసింది, ఎండలో పెట్టి చూసింది. నేర్పినవన్నీ చేసింది. ఇక లేవదని తెలుసుకుని, దీవి ఆఫీసులో ఉన్న రేడియో నుంచి తరావాకు కబురు చేయించింది. బ్యాటరీ పంపిస్తామన్నారు. వచ్చేవారం ఓడ ఉందన్నారు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. మూడిళ్ల అవతల ఉన్న బ్యాటరీని అడిగి తెచ్చుకోవచ్చు. బకోవా కాదనలేడు. కానీ ఇచ్చినదాన్ని తిరిగి అడగడం అంటే, ఇచ్చిన రోజున నాకు మనసు లేదు, నువ్వు పీక్కుపోయావు అని పదిమందిలో చెప్పినట్టే. అన్న కోసం చేతులు పుళ్లు చేసుకున్న మనిషికి, రోజూ చేప పెడుతున్న మనిషికి ఆ మాట ఎలా చెబుతుంది? అదీ ఒక్క వారం కోసం? వచ్చేవారం ఓడ ఉందిగా.

ఆ వారం ఓడ రాలేదు. ఇంజను మరమ్మతులో ఉందన్నారు. మళ్లీ వారం బయల్దేరింది గానీ మంత్రిగారెవరో ఉత్తరపు దీవుల పర్యటనకు వెళుతూ దాన్ని మళ్లించుకున్నారు. ఆ తర్వాత వారం ఓడ ఉంది, బ్యాటరీ లేదు. దాన్ని తెప్పించాల్సిన ఆఫీసులో సంతకం పెట్టాల్సినాయన విదేశంలో, సముద్రం పెరగడం గురించి జరిగే సభలో ఉన్నాడు. ఇలా ప్రతిసారీ ఒక్క వారమే. ఒక్క వారం కోసం ఒక మనిషిని తలదించుకునేలా ఎవరు చేస్తారు? ఊరు మళ్లీ బావుల దగ్గరికి పోయింది. కాచి తాగమని నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పెద్దవాళ్లు కాచుకున్నారు. పిల్లలు ఆడుకుంటూ ఆడుకుంటూ ఎక్కడ దాహమేస్తే అక్కడ కొబ్బరిచిప్పతో ముంచుకు తాగారు.

రాకెరాకు విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టారు. కళ్లు లోపలికి పోయాయి. తరావా పెద్దాసుపత్రికి తీసుకుపోదామంటే విమానం వచ్చే రోజు కాదు. నర్సమ్మ రాత్రంతా కూర్చుంది. తెల్లవారాక ఆమె లేచి కిటికీ తడిక దించింది.

ఆ తర్వాత తెకేయాకు రోజులు రోజుల్లా తెలియలేదు. చాపలు అల్లమని ఎవరో మొగలి ఆకులు పెడితే అల్లింది. తినమంటే తింది. రోజూ పొద్దున పంపు దాకా నడిచి వెళ్లి, గది తాళం తీసి, ఖాళీ అరను చూసి, తాళం వేసి వచ్చేది. దారిలో ఎదురుపడిన వాళ్లు పక్కకు తప్పుకుని మెల్లిగా పలకరించేవాళ్లు. ఊళ్లో ఎవరిదో పంది ఎవరి తోటలోనో పడితే అరుపులు దీవి అవతలి కొసకు వినిపిస్తాయి. ఆమె మీద మాత్రం ఎవరూ అరవలేదు. పైగా బకోవా చేప పెట్టిపోవడం కూడా మానలేదు. ఆ చేపను చూస్తే ఆమెకు కోపం రావాలి. రాలేదు. పులుసు పెట్టింది.

అలా ఉండగా ప్రాజెక్టు ఎలా నడుస్తోందో చూడటానికి తరావా నుంచి ఆఫీసరు బిరిబో, అతని వెంట డబ్బు ఇచ్చిన దేశం తరఫున ఒక తెల్లామె వచ్చారు. ఊరి సభాశాల మనేబాలో అందరూ చేరారు. ఏ కుటుంబం చోటు ఆ కుటుంబానిదే, తాతల నాటి నుంచి. అతిథులకు తలల మీద పూలు పెట్టారు, మెడకు పౌడరు రాశారు, కొబ్బరి బోండాలు కొట్టిచ్చారు. తెల్లామె కాళ్లు మడుచుకుని బుద్ధిగా కూర్చుంది. చాలా మంచామె, అన్నీ రుచి చూసింది. తిన్నాక, రెండో బ్యాటరీ ఏమైందని అడిగింది. బిరిబో మా భాషలో చెప్పాడు.

ఊరి పెద్ద నకారా గొంతు సవరించుకున్నాడు. మొన్నటి పెద్ద పోటుకు సముద్రం లోపలికి వచ్చి గదిలోంచి బ్యాటరీని తీసుకుపోయిందని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన కళ్లు తెకేయా వైపు పోలేదు. ఆమెను కాపాడుతున్నాడు ముసలాయన. తెల్లామె మొహం బాధతో నిండిపోయింది, కానీ రాసుకునే చెయ్యి చురుగ్గా కదిలింది. పోటు ఎంత ఎత్తు వచ్చిందని అడిగింది. ఒకాయన మోకాలు చూపించాడు, ఇంకొకాయన నడుము చూపించాడు, వెనకనుంచి ఎవడో ఆకతాయి గుండెల దాకా చూపించాడు. గది ఉన్నది కొబ్బరితోట నడుమ, సముద్రపు తుంపర కూడా చేరని చోట.

సామాను చూసుకునే మనిషి కూడా ఒక మాట చెబితే బాగుంటుందని తెల్లామె అంది. తెకేయా తన మొగుడి వాళ్ల స్తంభం దగ్గర, వెనక వరసలో కూర్చుని ఉంది. కూర్చున్న చోటు నుంచే చెప్పింది.

"పోటు రాలేదు. బ్యాటరీ బకోవా ఇంట్లో ఉంది. నేనే ఇచ్చాను. నేను మళ్లీ అడగలేదు. అడిగుంటే పాప బతికేది."

అదే స్తంభం దగ్గర ముందు వరసలో ఉన్న బకోవా వెనక్కి తిరగలేదు. తెకేయా ఎదురు చూసింది. ఇప్పుడు తిడతారు. ఇప్పుడు తిట్టక తప్పదు. బిరిబో తెల్లామె వైపు వంగి రెండు మూడు మాటలు చెప్పాడు. తెల్లామె కళ్లు తడయ్యాయి, గుండె మీద చెయ్యి వేసుకుని తెకేయా వైపు చూసింది. బిరిబో పాప సంగతి చెప్పాడు, బ్యాటరీ సంగతి చెప్పలేదు. నకారా మెల్లిగా ఒక పాట ఎత్తుకున్నాడు, ఊరంతా అందుకుంది.

అతిథులు పడవ ఎక్కబోయే ముందు బిరిబో ఆమెను పక్కకు పిలిచాడు. తరావాలో ఉద్యోగమే గానీ అతని తల్లిది పక్క దీవే.

"పెద్దమ్మా, నువ్వన్నట్టు చెబితే బ్యాటరీ రాదు. నకారా అన్నట్టు చెబితే రెండొస్తాయి, పోటు ఆపడానికి గోడ కూడా వస్తుంది. నేనేం చెయ్యమంటావ్?"

"తప్పు నాదని రాయి నాయనా."

"తరిఫీదు చాల్లేదని రాయొచ్చు, వాతావరణం మారిందని రాయొచ్చు. మనిషి తప్పని రాసే చోటు అందులో లేదు. నిన్ను మళ్లీ ట్రైనింగుకి పిలుస్తారులే."

ఆ సాయంత్రం తెకేయా పంపు పక్కన కూర్చుని ఉంటే బకోవా వచ్చాడు. కాస్త ఎడంగా కూర్చున్నాడు. అందరి ముందూ తన పేరు ఎత్తినందుకు ఈ మనిషి తిట్టినా సరిపోతుందని ఆమె అనుకుంది. అతను తిట్టలేదు.

"నువ్వడుగుతావని చూశా వదినా."

"ఎప్పుడు?"

"రోజూ. చేప పెట్టాక కాసేపు నిలబడేవాణ్ణి, చూళ్లేదూ? నువ్వు నోరు తెరిస్తే చాలు, పరిగెత్తి తెద్దామని. అడక్కుండా నేనెట్టా తెస్తా? చేతులారా నువ్విచ్చింది తెచ్చి నీ గుమ్మంలో పడేస్తే, నీ మొహాన కొట్టినట్టు కాదూ?"

తెకేయా అతన్ని చూసింది. నిజమే, నిలబడేవాడు. "పాపను చూట్టానికి నిలబడ్డావనుకున్నా," అంది.

బకోవా మోకాళ్లలో మొహం పెట్టుకున్నాడు. అతని వీపు అదురుతోంది. తెకేయాకు అది చూస్తే అసూయగా ఉంది. తనకు ఆ పాటి ఏడుపు కూడా రాలేదు.

"నన్ను తిట్టు బకోవా."

"ఎందుకు తిట్టాలి? అడిగితే ఇచ్చావ్. నువ్వేం తప్పు చేశావ్?"

ఇతని వల్ల కాదని ఆమెకు తెలిసింది. లేచి గుడ్డకంటిన ఇసుక దులుపుకుని, "అయితే ఇప్పుడడుగుతున్నా. బ్యాటరీ. బుబుసి," అంది. బకోవా పరిగెత్తాడు. నిజంగానే పరిగెత్తాడు, ఆ వయసులో. అప్పుడు ఇద్దరు మోసినదాన్ని ఒక్కడే భుజం మీద పెట్టుకుని తెచ్చాడు. ఆమె తీగలు బిగించింది. దానికి పెద్ద పని కూడా లేదు, అన్నం ఉడికేంత సేపు పట్టింది.

మర్నాడు పొద్దున కుళాయిల్లో నీళ్లు వచ్చాయి. ఊరంతా బకెట్లతో దిగింది. నవ్వులు, తోపులాటలు, వరస తప్పినందుకు ఒకరినొకరు శాపనార్థాలు. తెకేయా కుళాయి దగ్గర నిలబడి తిప్పుతోంది, కట్టేస్తోంది. తన ముందుకు వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గిపోతున్నాయి. వరస మధ్యలో అకెనెతె కనిపించింది.

బిడ్డ పోయాక అకెనెతె తల్లితో పనికి కావలసిన మాటలే మాట్లాడింది. మనేబాలో తల్లి చెప్పిందంతా నిన్న తన చెవులతో విన్నది. తిట్టే హక్కు ఎవరికైనా ఉంటే ఈ పిల్లకే ఉంది. కూతురి వంతు వచ్చేసరికి తెకేయా కుళాయి కట్టేసి, చేతులు కిందికి వేలాడేసి నిలబడింది. ఇంతమంది ముందూ తిట్టినా సరే, కొట్టినా సరే.

అకెనెతె బకెట్టు కింద పెట్టింది. తల ఎత్తకుండా మాట్లాడింది.

"అమ్మా, బ్యాటరీ బాబాయ్ దగ్గరుందని నాకూ తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు. అను. ఏదనాలంటే అదను."

"ఏమనను? పాపకి మొదలైన రోజే నేను వాళ్లింటికెళ్లా. నేనే అడిగేద్దామని. గుమ్మం దాకా ఎళ్లా. నువ్విచ్చింది నేనెట్టా అడుగుతా, నీకు తలవంపులు చేసి? పిన్ని రమ్మని లోపలికి పిలిచి చేప పెట్టింది."

"పెడితే?"

"తిని వచ్చేశా."

వెనకనుంచి ఎవరో తొందరగా పట్టుకోమని కేకేశారు. తెకేయా కుళాయి తిప్పింది. నీళ్లు తెల్లగా, జోరుగా పడ్డాయి, బకెట్టు నిండింది, పొర్లింది. తనను తిట్టగలిగిన మనిషి ఈ దీవిలో ఒక్కతే ఉందనుకుంది. ఆ మనిషి కూడా గుమ్మం దాకా వెళ్లి, చేప తిని వచ్చింది.